నాంపల్లి కోర్టులో కేసు ఉంది కదా అనుకుంటున్నారా? పరిహారం గడువు మాత్రం ఆగదు!

అబిడ్స్‌లో యాక్సిడెంట్ అయింది. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాశారు, కేసు నాంపల్లి క్రిమినల్ కోర్టుకు వెళ్లింది. ఇక నష్టపరిహారం కూడా అక్కడే తేలుతుందని చాలా కుటుంబాలు ఎదురుచూస్తుంటాయి. చిక్కంతా ఇక్కడే. క్రిమినల్ కేసు నిందితుడికి శిక్ష పడటం కోసం. పరిహారం కావాలంటే మీరే విడిగా పిటిషన్ వేయాలి. ఆ కేసు ఎన్నేళ్లు సాగినా ఈ గడువు మీ కోసం ఆగదు.

నాంపల్లి బజార్‌ఘాట్ ప్రమాదం గుర్తుందా? 2023 నవంబర్ 13న అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. ఇలాంటి మరణాలకు కారకులపై 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద సివిల్ దావా వేయొచ్చు. గడువు రెండేళ్లే. అదీ ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు, మనిషి చనిపోయిన రోజు నుంచి లెక్క. అంటే ఆ రోజు చనిపోయినవాళ్ల విషయంలో 2025 నవంబర్‌తోనే అయిపోయింది. ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన దావా వేసినట్టు కాదు.

రైలు ప్రమాదమైతే ఇంకా తక్కువ, ఏడాదే. 2024 జనవరి 10న నాంపల్లి స్టేషన్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి కొందరు గాయపడ్డారు. ఇలాంటి క్లెయిమ్‌లు సికింద్రాబాద్‌లోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేయాలి. లేటైతే తగిన కారణం చూపించాలి.

ఇక రోడ్డు ప్రమాదాలు. ఎక్కువ మందికి పనికొచ్చేది, ఎక్కువ గందరగోళం ఉన్నదీ ఇదే. 1994లో గడువు ఎత్తేశారు. 2019 సవరణతో మళ్లీ ఆరు నెలలు పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాలు విరిగి మంచం మీదున్న మనిషికి ఆరు నెలలు ఏం సరిపోతాయి? దీనిపై సుప్రీంకోర్టులో సవాళ్లు పడ్డాయి. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో కోర్టు చెప్పింది. అయితే అది మధ్యంతర ఉత్తర్వే. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆరు నెలల్లోపే వేసేయండి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

ఆసుపత్రి నిర్లక్ష్యంపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్లు. గాయపడింది మైనర్ అయితే సివిల్ దావా గడువు 18 ఏళ్లు నిండాకే మొదలవుతుంది.

ఇంకొకటి. రోడ్డు ప్రమాదంపై పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపే రిపోర్టునే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. అది పంపారా, ఏ తేదీన పంపారు అని దర్యాప్తు అధికారిని అడిగి రాసుకోండి. పంపలేదంటే లాయర్‌తో మీ పిటిషన్ మీరే వేయించుకోవాలి.