స్టాంఫర్డ్ రోడ్డు పక్కన పాత కట్ట

పోయిన ఆదివారం సిటీ హాల్ ఎమ్మార్టీలో దిగి స్టాంఫర్డ్ రోడ్డు వెంట మెల్లగా నడిచాను. మనకి ఇది బస్సుల రోడ్డు, షాపుల రోడ్డు. 1822లో జాన్ క్రాఫర్డ్ ఇక్కడ నడిచినప్పుడు ఒక మట్టి కట్ట చూశాడు. అడుగున సుమారు 16 అడుగుల వెడల్పు, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు. సముద్రం నుంచి కొండ దాకా దాదాపు మైలు పొడుగు. పక్కనే మంచినీళ్ళ వాగు. కట్ట ఇప్పుడు లేదు. వాగు ఉంది, కానీ కాంక్రీటు కాలువ అయిపోయింది. రోడ్డు మాత్రం ఇంకా ఆ గీత వెంటే పోతోంది.

("కట్ట" అంటే నాకు పుస్తకాల కట్ట ఒక్కటే తెలుసు. చెరువు కట్ట అని అమ్మ చెప్పింది. రెండూ ఒకే మాట, అర్థాలు వేరు.)

కట్ట చివర ఉన్న కొండే ఫోర్ట్ కానింగ్. మలయులు దాన్ని బుకిత్ లారాంగన్ అనేవాళ్ళు, అంటే ఎక్కకూడని కొండ. పాత రాజుల చోటు అని భయం. క్రాఫర్డ్ ఎక్కి ఇటుక పునాదులు, కుండ పెంకులు, ముసలి పండ్ల చెట్లు చూశాడు. 1928లో నీళ్ళ ట్యాంకు కోసం తవ్వుతున్న కూలీలకి బంగారు నగలు దొరికాయి. 1984లో జాన్ మిక్సిక్ అక్కడ తవ్వకం చేశాడు. చీనా పింగాణీ ముక్కలు, గాజు పూసలు బయటపడ్డాయి. అన్నీ 14వ శతాబ్దానివి. అంటే రాఫెల్స్ రాకముందు ఇది ఖాళీ పల్లె కాదు. తెమాసెక్ అనే రేవు. చీనా వర్తకుడు వాంగ్ దాయువాన్ 1349 నాటి తన పుస్తకంలో దాని గురించి రాశాడు.

నాకు బాధ కలిగించేది కొండ కాదు, నది దగ్గర ఉండిన బండ. సింగపూర్ నది సముద్రంలో కలిసే చోట సుమారు మూడు మీటర్ల ఎత్తు బండ ఒకటి ఉండేది. దాని మీద 50 వరసల దాకా రాత. మున్షీ అబ్దుల్లా రాసినదాని ప్రకారం హిందువులు "ఇది మా లిపి" అన్నారు, చదవలేకపోయారు. చీనావాళ్ళు "మాది" అన్నారు, వాళ్ళూ చదవలేకపోయారు. ఇది చదివి నేను నవ్వాను, తరవాత నవ్వు ఆగిపోయింది. అమ్మమ్మ ఉత్తరాలు చూసి నేను చాలా ఏళ్ళు అదే చేశాను: ఇది మా భాష అనడం, చదవలేకపోవడం.

1843లో నది ముఖం వెడల్పు చేసి, కోట అధికారులకి ఇళ్ళు కట్టడానికి ఆ బండని మందుగుండు పెట్టి పేల్చేశారు. జేమ్స్ లో అనే అధికారి కొన్ని ముక్కలు ఏరి కలకత్తాకి పంపాడు. ఒక ముక్క తిరిగి వచ్చి మన నేషనల్ మ్యూజియంకి చేరింది. ఆ రాత పాత జావా కవి లిపి అని చాలామంది పండితుల ఊహ. ఈనాటికీ ఎవరూ చదవలేదు.

అమ్మమ్మది చీరాల. అక్కడికి దక్షిణంగా మోటుపల్లి అనే పాత రేవు ఉంది. అక్కడి రాయి పేలలేదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అది. (శాసనం అంటే రాజు రాయి మీద రాయించిన మాట.) అంతకుముందు తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాక్కునేవాళ్ళు. గణపతిదేవుడు అలా చెయ్యము, సుంకం ఒక్కటే తీసుకుంటాము అన్నాడు. సుంకం కట్టే సరుకుల్లో కర్పూరం కూడా ఉంది. కర్పూరం సుమత్రా, బోర్నియో అడవుల నుంచి వచ్చేది. తెమాసెక్ పెద్ద రేవు అయింది ఆ తరవాతే. అయినా దారి అదే, బంగాళాఖాతం దాటే నీళ్ళ దారి.

మ్యూజియంలో ఆ ముక్కని మొదటిసారి చూసింది బడి పిల్లలతో, పట్టించుకోలేదు. రెండోసారి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాక వెళ్ళాను. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే ఒక గీత మన "ల" లాగా కనిపించింది. కాదని నాకు తెలుసు. కవి లిపి, తెలుగు లిపి రెండూ బ్రాహ్మీ నుంచి పుట్టినవే గాని దూరపు చుట్టాలు. అయినా నోట్‌బుక్‌లో ఆ గీత గీసుకుని వచ్చాను.