పహణీ పత్రము: స్థితియు పరివర్తనమును
చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు పూర్వము కోలారు జిల్లాలోనివి. 2007లో చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా అయినది. ఈ సీమలో ఇంటిభాష తెలుగైన రైతులు మెండు. వారి భూమిహక్కును తెలుపు పహణీ మాత్రము కన్నడమున నుండును. పంటరుణమునకు, క్రయవిక్రయములకు అదియే ఆధారము. కావున దానిని ఎవరు, ఎప్పుడు, ఏ క్రమమున మార్చవచ్చుననుట రైతునకు జీవన్మరణ సమస్య.

మైసూరు రాజ్యమున గ్రామలెక్కలు వంశపారంపర్యముగ శానుభోగుల చేతిలో నుండెను. 1961 నాటి గ్రామోద్యోగముల రద్దు చట్టముతో ఆ పద్ధతి అంతరించి, ప్రభుత్వము నియమించిన గ్రామ లెక్కాధికారులు వచ్చిరి. 1964 నాటి భూకందాయ చట్టము హక్కుల మార్పునకు మెట్లను విధించెను: సమాచారము, నోటీసు, ఆక్షేపణ, విచారణ, ధ్రువీకరణము. అయినను పుస్తకమును కలమును ఒకరి చేతనే యుండుటచే, మెట్లు దాటి దిద్దుటకు వీలుండెను.

ఇట్టి చిక్కునే గణకయంత్ర శాస్త్రజ్ఞులును ఎదుర్కొనిరి. 1960 దశకమున నార్వే దేశీయులగు ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ సిమ్యులా భాషను నిర్మించి, సమాచారమును దానిపై జరుగు క్రియలను ఒక్క వస్తువుగ కూర్చిరి. ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగునకు అది మూలము. వస్తువు లోపలి స్థితిని బయటివారు నేరుగ తాకరాదు, ప్రకటితమైన క్రియల ద్వారానే అది మారవలెననునది తరువాత స్థిరపడిన నియమము. ఏ స్థితినుండి, ఏ సంఘటనచే, ఏ స్థితికి పోవచ్చునో చూపు స్థితిపటములను 1987లో డేవిడ్ హారెల్ విపులీకరించెను. ఒక్కొక్క స్థితిని ఒక్కొక్క వస్తువుగ మలచు పద్ధతిని 1994లో గామా మొదలగు నలుగురు గ్రంథస్థము చేసిరి.

కర్ణాటకలో 2000వ సంవత్సర ప్రాంతమున అమలైన 'భూమి' పథకము ఈ నియమమునకు చక్కని నిదర్శనము. సుమారు 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల పత్రములు యంత్రమున కెక్కెను. తాలూకా కేంద్రమున 15 రూపాయలకు పహణీ లభించెను. మార్పు కోరు దరఖాస్తులు వచ్చిన వరుసనే పరిష్కరింపబడవలెను. నాడు అధికారి వేలిముద్ర లేనిదే నమోదు మారకుండెను. దరఖాస్తు, నోటీసు, నాటి 30 దినముల గడువు, పిదప ఆమోదము లేక వివాదము: ఒక మెట్టు విడిచి మరియొక మెట్టునకు పోరాదు.

అయితే వస్తువు తనకు తెలిపిన సంఘటననే యెఱుగును. తాత మరణించినను, వారసులు దరఖాస్తు చేయనంతవరకు పహణీ తాత పేరనే నిలుచును. 'పౌతి ఖాతా' మార్పు జరుగని పొలమునకు, దున్నువాడు కండ్లయెదుట నున్నను, పంటరుణము దుర్లభము. యంత్రము తప్పుదారులను మూసెను. సరియగు దారిని నడువవలసినవాడు రైతే. ఆ దారిలోని ప్రతి మెట్టును అతనికి అతని భాషలో తెలుపుటయే మిగిలియున్న కార్యము.