హెల్సింకి నుంచి టోక్యో ఎంత దూరం?

రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు ఇస్తే మధ్య దూరం చెప్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి, కోడింగ్ నేర్చుకునే రోజుల్లో చాలామంది రాసే ఉంటారు. నేనూ రాశాను. అందులో హెల్సింకి, టోక్యో నరిటా ఇస్తే 7,800 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. గంటకి 850 చొప్పున చూస్తే తొమ్మిది గంటల చిల్లర ప్రయాణం. లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ దారి సైబీరియా మీదుగా పోతుంది. కథంతా అక్కడే ఉంది.

కోల్డ్ వార్ రోజుల్లో పశ్చిమ దేశాల విమానాలకి సోవియట్ ఆకాశం చాలావరకు మూసే ఉండేది. అందుకే 1957లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కాలోని యాంకరేజ్ వెళ్ళి, అక్కడ ఇంధనం నింపుకుని టోక్యో చేరేది. 1983 ఏప్రిల్‌లో ఫిన్‌ఎయిర్ ఎక్కడా ఆగకుండా హెల్సింకి నుంచి టోక్యోకి డీసీ-10 నడిపింది. ధ్రువం దాటి, బేరింగ్ జలసంధి మీదుగా కిందకి దిగే ఆ చుట్టుదారికి పట్టింది సుమారు పదమూడు గంటలు. అప్పట్లో అదో ఘనకార్యం. చుట్టూ తిరగకపోతే ఏమవుతుందో అదే ఏడాది సెప్టెంబర్ 1న తెలిసింది. యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తూ దారి తప్పిన కొరియన్ విమానాన్ని సోవియట్ ఫైటర్ కూల్చేసింది. 269 మంది చనిపోయారు.

తర్వాత సోవియట్ యూనియనే పోయింది. సైబీరియా దారి తెరుచుకుంది. రష్యాకి ఫీజు కట్టాలి, అంతే. పదమూడు గంటలు తొమ్మిదిన్నరకి దిగింది. ఆసియాకి దగ్గరి దారి మాదే అని హెల్సింకి యూరప్ ప్రయాణికులని పిలిచి మరీ విమానం మార్పించింది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. యూరప్ తన ఆకాశాన్ని రష్యాకి మూసింది, రష్యా తనది యూరప్‌కి మూసింది. మార్చిలో ఫిన్‌ఎయిర్ మళ్ళీ ధ్రువం దారి పట్టింది. ఎయిర్‌బస్ ఏ350 ఆ పాత డీసీ-10 కన్నా అన్నిట్లోనూ మెరుగైన విమానం. అయినా పట్టే టైము మళ్ళీ సుమారు పదమూడు గంటలే. ధ్రువం దాటినందుకు ప్రయాణికులకి సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. 1983లో అయితే గొప్పగా చూపించుకునే కాగితమే. ఇప్పుడు అది ఓదార్పు.

చైనా విమానాలు మాత్రం ఇప్పటికీ సైబీరియా మీదుగానే యూరప్ వెళ్తున్నాయి. అలాగని ఇది ఎక్కడో ఉత్తరాన జరిగే గొడవ అనుకోడానికి లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూసేశాక, ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్ళేవాళ్ళకీ ఈ చుట్టుదారి అనుభవంలోకి వచ్చింది.

మన ఊళ్ళల్లో ఎంత దూరం అని అడిగితే "గంటన్నర" అంటారు. కిలోమీటర్లు అడిగితే గంటలు చెప్తారేంటని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. నా ప్రోగ్రామ్ తీసుకునేవి నాలుగు అంకెలే. అది ఏ సంవత్సరమో, విమానం ఏ దేశానిదో అడగదు. ఆ రెండూ తెలియకుండా హెల్సింకి నుంచి టోక్యో ఎంత దూరమో చెప్పలేమని ఇప్పుడనిపిస్తుంది.