కాటుకు జాతి ఉందా: తెలుగు నేల కుక్కల చరిత్ర

విశాఖపట్నం ఓడరేవు, ఉక్కు కర్మాగారాల చుట్టూ నగరం విస్తరించే కొద్దీ, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన సబ్బవరం మండలంలో పొలాలు కొన్ని ఇళ్ల స్థలాలయ్యాయి. ఊరందరి మెతుకులతో బతికి, కళ్లాల దగ్గరా గొర్రెల మందల దగ్గరా కాపలా కాసిన ఊరకుక్కలున్న ఇటువంటి ఊళ్లకు, ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న బోర్డు వెనుక గొలుసుతో కట్టిన జాతి కుక్క కూడా వచ్చి చేరింది. ఏ కుక్క కరుస్తుందో జాతి పేరును బట్టి తేల్చే అలవాటు చాలావరకు ఈ రెండో కుక్కతో వచ్చినదే. అంతకు ముందు కుక్కను దాని పనిని బట్టి గుర్తించేవారు, దాని కోపాన్నీ ఆ పనిలో భాగంగానే చూసేవారు.

ఇందుకు జోనంగి మంచి నిదర్శనం. కొల్లేరు పరిసరాల్లోనూ కృష్ణా, గోదావరి జిల్లాల్లోనూ పెరిగిన ఈ పొట్టి వెంట్రుకల కుక్క మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది, ఒక్క యజమానినే అంటిపెట్టుకుంటుందని పేరు. దీన్ని చిన్న జంతువుల వేటకూ వాడేవారు, బాతుల మందలను తోలడానికీ వాడేవారు. ఒక పనిలో ప్రాణిని పట్టి చంపాలి, మరొక పనిలో పంటి గాటు పడకుండా మందను మళ్లించాలి. చేపల చెరువులు వచ్చి బాతుల పెంపకం తగ్గడంతో జోనంగి అరుదైపోయింది. ఇది తెలుగువారు తగినంతగా పట్టించుకోని నష్టం. తమిళనాడులోని రాజపాళయంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రాజుల ఊరి పేరే పెట్టుకున్న తెల్లని వేటకుక్కకు అడవిపందులను ఎదిరించే తెగువ ఉంది, కొత్తవారిని దగ్గరకు రానివ్వని స్వభావమూ ఉంది. 2005లో తపాలా శాఖ స్వదేశీ కుక్కల మీద విడుదల చేసిన నాలుగు బిళ్లల్లో దానికీ చోటు దక్కింది.

1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడిన తరువాత జాతి ప్రమాణానికి, అంటే ఎత్తు, రంగు, తల ఆకారం వంటి లక్షణాల లిఖిత వివరణకు, ప్రాధాన్యం పెరిగింది. అయితే తెలుగువారి మనసులో కుక్కకాటు భయం జాతి వల్ల కాక రేబిస్ వల్ల పాతుకుపోయింది. ఉత్తర కోస్తా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1907లో, కూనూరులో రేబిస్ చికిత్సకు పాశ్చర్ సంస్థ వెలసింది. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు కణజాలంతో రూపొందించిన రేబిస్ టీకాయే ఆ తరువాత దశాబ్దాల పాటు దేశమంతటా ఆధారమైంది. బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదుల జ్ఞాపకం ఆ టీకాదే. మన దేశంలో దాని తయారీ 2004 చివరి వరకూ ఆగలేదు.

పెద్ద కుక్కను చూసి జంకే మనిషి చిన్న కుక్క పళ్లు చూపితే నవ్వి ఊరుకుంటాడు. కానీ 2008లో డఫీ, సూ, సెర్పెల్ అనే పరిశోధకులు యజమానుల సమాధానాలను పరిశీలించినప్పుడు, మనుషుల పట్ల దూకుడులో డాక్స్‌హుండ్, చివావా వంటి చిన్న జాతులు ముందున్నాయి. పిట్‌బుల్ దూకుడు ఎక్కువగా తోటి కుక్కల మీదే కనిపించింది. కుక్కల పోరాటాల కోసం పెంచిన వంశానికి ఇది సహజమే. వేటాడే దూకుడు, తోటి కుక్క మీది దూకుడు, భయంతో కరవడం మూడూ వేర్వేరు. 2021లో ఫిన్లాండ్‌లో 9,000కు పైగా కుక్కల మీద జరిగిన పరిశోధనలోనూ చిన్నవే ఎక్కువ దూకుడు చూపాయి. పెద్ద కుక్క కాటు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. ఆ భయం నిరాధారం కాదు. 1994లో అమెరికాలోని డెన్వర్ నగరంలో కరిచిన కుక్కలనూ కరవని కుక్కలనూ పోల్చినప్పుడు జర్మన్ షెపర్డ్, చౌచౌ జాతులు కరిచిన వాటిలో ఎక్కువగా తేలినా, మగవి, సంతాన నిరోధ శస్త్రచికిత్స జరగనివి, గొలుసుతో కట్టి ఉంచినవి కూడా వాటిలో ఎక్కువేనని తేలింది.

చట్టం మాత్రం పేర్ల జాబితానే ఆశ్రయించింది. బ్రిటన్ 1991లో పిట్‌బుల్ సహా నాలుగు రకాలను నిషేధించింది. భారత కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చి 12న 23 జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసి, ఇప్పటికే ఇళ్లలో ఉన్న ఆ జాతుల కుక్కలకు శస్త్రచికిత్స చేయించాలని కోరింది. యజమానులు, కుక్కల సంఘాలు వంటి సంబంధిత పక్షాల వాదన వినకుండానే దాన్ని జారీ చేశారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న ఆ లేఖను కొట్టివేసింది.