మేజోట్లో చీటీ

2006 జూన్ 30. బెర్లిన్ ఒలింపియా స్టేడియంలో 72 వేల మంది గొంతులు ఒక్కసారిగా తగ్గాయి. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ, అర్జెంటీనా 120 నిమిషాలు పోరాడినా గెలుపు తేలలేదు. అయాలా తలతో కొట్టిన గోల్‌తో అర్జెంటీనా ముందంజ వేస్తే, 80వ నిమిషంలో క్లోజే దాన్ని సమం చేశాడు. స్కోరు 1-1. ఇక పెనాల్టీలే దిక్కు.

భారమంతా గోల్‌కీపర్ యెన్స్ లేమన్ మీద పడింది. వయసు 36. ఆరు వారాల ముందే, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో 18వ నిమిషంలోనే రెడ్ కార్డు తిని మైదానం విడిచిన మనిషి. పైగా అతను నిలబడ్డ చోటు అంతకుముందు ఆలివర్ కాన్‌ది. 2002 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన కాన్‌ను కాదని కోచ్ క్లిన్స్‌మన్ లేమన్‌ను ఎంచుకున్నప్పుడు దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. షూటౌట్‌కు ముందు ఆ కానే నడిచి వచ్చి, లేమన్ చేయి పట్టుకుని ధైర్యం చెప్పాడు.

ఆ తర్వాత గోల్‌కీపింగ్ కోచ్ ఆండ్రియాస్ కోప్కే ఒక కాగితం ముక్క అందించాడు. జట్టు బస చేసిన హోటల్ పేరు అచ్చువేసిన చిన్న కాగితం. దాని మీద పెన్సిల్‌తో గీకిన ఏడు పేర్లు: రికెల్మే, క్రెస్పో, హైన్జె, అయాలా, మెస్సీ, ఐమార్, రోడ్రిగెజ్. ఒక్కో పేరు పక్కన రెండు మూడు మాటలు. లేమన్ దాన్ని మడిచి మేజోట్లో దోపుకున్నాడు.

ఆ రెండు మూడు మాటల వెనక పెద్ద శ్రమ ఉంది. ప్రత్యర్థుల ఆటను చదవడానికి జర్మనీ ఆ ప్రపంచకప్‌కు ఒక వ్యవస్థనే తయారుచేసుకుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఉర్స్ సీగెంతాలర్ దానికి పెద్ద. కొలోన్ క్రీడా విశ్వవిద్యాలయం విద్యార్థులు వీడియోలు తిప్పి తిప్పి చూసి, ఏ జట్టు ఎలా ఆడుతుందో రాసి పెట్టేవారు. ఇక కోప్కే స్వయంగా మాజీ గోల్‌కీపర్. 1996 యూరో సెమీఫైనల్ షూటౌట్‌లో ఇంగ్లండ్ ఆటగాడు సౌత్‌గేట్ కొట్టిన పెనాల్టీని ఆపింది అతనే. గోల్ గీత మీద నిలబడ్డవాడికి చదవడానికి ఎంత సమయం ఉంటుందో అతనికి తెలుసు. అందుకే ఆ సమాచారాన్నంతా వడకట్టి అరచేతిలో పట్టేంత చేశాడు.

షూటౌట్ మొదలైంది. న్యూవిల్లె గోల్ కొట్టాడు. అర్జెంటీనా తరఫున క్రూజ్ వచ్చాడు. చీటీలో అతని పేరు లేదు. గోల్. తర్వాత బలాక్ జర్మనీని 2-1తో ముందు నిలిపాడు.

ఇప్పుడు అయాలా వంతు. లేమన్ వంగి, మేజోట్లోంచి చీటీ తీసి చూశాడు. చాలాసేపు ఆగు, దూరం నుంచి పరుగెత్తి వస్తే కుడివైపు అని ఉంది. పదకొండు మీటర్ల దూరం నుంచి దూసుకొచ్చే బంతికి అర సెకను చాలు. కీపర్‌కు ముందే దూకేయాలనిపిస్తుంది. లేమన్ మాత్రం ఆగాడు. అయాలా కాలు బంతిని తాకేదాకా ఆగి, చీటీ చెప్పిన వైపే దూకి బంతిని ఆపేశాడు.

పొడోల్‌స్కీ గోల్. రోడ్రిగెజ్ విషయంలోనూ చీటీ చెప్పిన దిక్కు నిజమే, కానీ బలంగా వచ్చిన ఆ బంతి లేమన్‌కు అందలేదు. దిక్కు తెలిసినంత మాత్రాన బంతి చేతికి చిక్కదు. బొరోవ్‌స్కీ కొట్టిన గోల్‌తో స్కోరు 4-2. తర్వాతి కిక్ ఆపితే ఆట ముగిసినట్టే.

కాంబియాసో వచ్చాడు. లేమన్ మళ్లీ చీటీ తీశాడు. పై నుంచి కింద దాకా చదివాడు. కాంబియాసో పేరు లేదు!

లేకపోవడానికి కారణం ఆ ఆటలోనే ఉంది. చీటీలో మొదటి రెండు పేర్లు రికెల్మే, క్రెస్పోలవి. అర్జెంటీనా కోచ్ రెండో సగంలో ఆ ఇద్దరినీ బయటికి పిలిచి, వాళ్ల స్థానాల్లో పంపింది సరిగ్గా కాంబియాసోను, క్రూజ్‌నే. మెస్సీ, ఐమార్ బెంచీ మీదే ఉండిపోయారు. ఏడుగురిలో పెనాల్టీ కొట్టింది చివరికి ఇద్దరే.

చీటీలో ఏమీ లేదన్న సంగతి కాంబియాసోకు తెలియదు. తన గుట్టు ఆ కాగితంలో ఉందో లేదో తేలని మనిషిలా బంతి దగ్గర నిలబడ్డాడు. లేమన్ తీరిగ్గా చీటీ మడిచి, గీత మీదికి వెళ్లాడు. కాంబియాసో కొట్టాడు. లేమన్ దూకి ఆపాడు. ప్రపంచకప్ చరిత్రలో అర్జెంటీనా పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోవడం అదే మొదటిసారి.

ఆ కాగితం ముక్కను పిల్లల సహాయార్థం వేలం వేస్తే, ఒక విద్యుత్ సంస్థ 10 లక్షల యూరోలకు కొనుక్కుంది. తర్వాత అది బాన్ నగరంలోని చరిత్ర మ్యూజియానికి చేరింది.

పెన్సిల్ రాత నుంచి ఆట విశ్లేషణ ఎంతో దూరం వచ్చింది. గూగుల్ డీప్‌మైండ్, లివర్‌పూల్ క్లబ్ కలిసి తయారుచేసిన ‘టాక్టిక్ ఏఐ’ అనే కృత్రిమ మేధ 7,176 కార్నర్ కిక్‌లను చదివింది. ఎవరు ఎక్కడ నిలబడితే బంతి ఎవరికి చేరుతుందో అంచనా వేస్తుంది, ఆటగాళ్లను ఎటు జరపాలో సూచిస్తుంది. 2024లో వెలువడిన ఆ పరిశోధనలో లివర్‌పూల్ నిపుణులు, అసలు మ్యాచ్‌లో జట్లు నిలబడిన తీరు కన్నా యంత్రం సూచించిన తీరే మేలని 90 శాతం సార్లు తేల్చారు.

అయినా బెర్లిన్ నేర్పిన పాఠం మారలేదు. సమాచారం ఎంత పెద్దదైనా ఆటగాడికి ఆ క్షణంలో పనికొచ్చేంతగా కుదించి ఇవ్వాలి. అందులో లేని పేరు ఎదురైనప్పుడు నిబ్బరంగా నిలబడగల మనిషి కావాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఆ రోజు జర్మనీ గెలిచేది కాదు.

మన ఊళ్లలో, మండల కేంద్రాల్లో పిల్లలకు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ నేర్పే పీఈటీ మాస్టార్లకు, కోచ్‌లకు ఒక విన్నపం. కంప్యూటర్లు వచ్చేదాకా ఆగకండి. ప్రత్యర్థి జట్టు ఆటను ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాయండి. ప్రపంచకప్ సెమీఫైనల్‌కు ఒక జట్టును చేర్చింది పెన్సిల్, కాగితమే.