లాగిన్ దాకే కాపలా

వెబ్ సర్వర్‌కు పుట్టుకతోనే మతిమరుపు. సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను తయారుచేసిన పద్ధతే అది. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అక్కడితో ఇద్దరికీ ఋణం తీరిపోతుంది. మరుక్షణం అదే బ్రౌజర్ ఇంకో పేజీ అడిగితే, సర్వర్‌కు అది ముక్కూమొహం తెలియని మనిషే. పరిశోధన పత్రాలు చదువుకునే శాస్త్రవేత్తలకు దీంతో ఇబ్బందేమీ లేకపోయింది. సరుకులు అమ్ముదామనుకున్నవాళ్లకే పని సాగలేదు.

1994లో ఎంసీఐ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీ కోసం, బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీ ఒక ఆన్‌లైన్ దుకాణం తయారుచేస్తోంది. ఎవరు బుట్టలో ఏం వేసుకున్నారన్న లెక్కంతా, కొనుగోలు పూర్తయ్యేదాకా తన సర్వర్లలో మోయడం ఎంసీఐకి ఇష్టం లేదు. నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ అనే కుర్ర ఇంజినీరు ఆ బరువును బ్రౌజర్ మీదికి మళ్లించాడు. సర్వర్ తన జవాబుతోపాటు ఒక చిన్న అక్షరాల ముక్క పంపుతుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, అదే సైటుకు వెళ్లిన ప్రతిసారీ చూపిస్తుంది. అదే కుకీ. తర్వాత లాగిన్‌లు కూడా దీని మీదే నిలబడ్డాయి. పాస్‌వర్డ్ ఒక్కసారే అడుగుతారు. సరిపోతే ఎవరూ ఊహించలేని పొడుగాటి గుర్తు ఒకటి కుకీలో పెట్టి ఇస్తారు. ఇక ఆ సెషన్ ముగిసేదాకా మీరెవరో చెప్పేది ఆ గుర్తే. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిది అది. టోకెను ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లకే ఇస్తారు, మొహం ఎవరూ చూడరు.

అదే నెట్‌స్కేప్‌లో, అదే కాలంలో ఇంకో పని జరుగుతోంది. క్రెడిట్ కార్డు నంబరు దారిలో ఎవరూ చదవకుండా పంపడం ఎలా? కిప్ హిక్‌మన్ ఎస్ఎస్ఎల్ పద్ధతిని రాశాడు. ఈజిప్టులో పుట్టిన గూఢలిపి శాస్త్రవేత్త తాహెర్ ఎల్‌గమాల్ దాన్ని ముందుకు నడిపించాడు. మొదటి రూపం బయటికే రాలేదు, రెండోది 1995లో వచ్చింది. బ్రౌజర్, సర్వర్ మొదట పబ్లిక్ కీ (అందరికీ చూపించగల తాళంచెవి) సాయంతో ఒక రహస్య తాళంచెవి ఒప్పుకుంటాయి. ఆ సంభాషణ మొత్తం దానితోనే గుప్తమవుతుంది.

గుప్తం కాని దారిలో వెళ్తే కుకీని కూడా ఎవరైనా చదివి వాడుకోవచ్చు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కుకీల గురించి నెట్‌స్కేప్ రాసిన తొలి వివరణ పత్రంలోనే ‘సెక్యూర్’ అన్న ఒక్క మాట ఉంది. కుకీకి ఆ మాట తగిలిస్తే, గుప్తమైన దారిలో తప్ప బ్రౌజర్ దాన్ని బయట పెట్టదు. అంటే మందు రోగంతోపాటే పుట్టింది. అయినా దాన్ని వాడినవాళ్లు తక్కువ.

కారణాలు లేకపోలేదు. బలమైన గూఢలిపిని అమెరికా ప్రభుత్వం ఆయుధాల పద్దులో వేసి, విదేశాలకు వెళ్లే బ్రౌజర్లకు 40 బిట్ల తాళంచెవితో సరిపెట్టింది. 1995 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దమియాన్ దొలిగే అనే పరిశోధకుడు తీరికగా ఉన్న కంప్యూటర్లను కలిపి 8 రోజుల్లో అలాంటి తాళంచెవి ఒకటి కనిపెట్టేశాడు. సెప్టెంబరులో బర్క్‌లీ విద్యార్థులు ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ ఇంకా లోతైన లోపం పట్టుకున్నారు. నెట్‌స్కేప్ బ్రౌజర్ తన రహస్యాన్ని గడియారంలోని సమయం, ఆ కంప్యూటర్‌లో తనకున్న ప్రాసెస్ నంబరు లాంటివాటి నుంచే పుట్టిస్తోంది. అదే యంత్రంలో ఖాతా ఉన్నవాడికి ఆ నంబర్లు తెలుస్తాయి. మిగిలింది మైక్రోసెకన్లు ఊహించడమే, దానికి నిమిషం కూడా అక్కర్లేదు. 128 బిట్ల తాళమైనా అంతే సంగతి. నెట్‌స్కేప్ వెంటనే సరిదిద్దింది.

ఆంక్షలు అంటని దారి బయటి దేశాల నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ ఎస్ఎస్ఎల్‌ను నడిపే ఎస్ఎస్ఎల్ఈఏవై అనే ప్రోగ్రాం రాశారు. బ్రిటన్‌లో బెన్ లారీ దాన్ని అపాచీ సర్వర్‌కు కలిపాడు. 1998 చివర్లో ఎస్ఎస్ఎల్ఈఏవైయే ఓపెన్ఎస్ఎస్ఎల్‌గా మారింది. అప్పటికే ఎవరైనా తన సర్వర్‌లో గుప్త సెషన్లు పెట్టుకోవచ్చు. కానీ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి, పైగా గుప్తీకరణతో సర్వర్ నెమ్మదిస్తుందన్న భయం. అందుకని పాస్‌వర్డ్ పేజీకీ, డబ్బు కట్టే పేజీకీ కాపలా పెట్టి మిగతా సైటును బట్టబయలుగా వదిలేశారు. పాస్‌వర్డ్ భద్రమే. దాని బదులు ఇచ్చిన టోకెను మాత్రం ప్రతి పేజీతో, ప్రతి బొమ్మతో గాలిలో తిరుగుతూనే ఉంది.

ఇది నిపుణులకు ఏళ్ల తరబడి తెలుసు. అందరికీ తెలిసేలా చేసింది ఎరిక్ బట్లర్. 2010 అక్టోబరులో, శాన్ డియేగోలో జరిగిన టూర్‌కాన్ సదస్సులో ఆయన ఫైర్‌షీప్ విడుదల చేశాడు. ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకునే చిన్న అనుబంధం. పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుని ఒక బటన్ నొక్కితే, పక్క బల్లల దగ్గర ఫేస్‌బుక్ చూస్తున్నవాళ్ల పేర్లు, ఫొటోలు ఎడమపక్కన వరసగా ప్రత్యక్షమయ్యేవి. ఒక పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వాళ్ల ఖాతాలో ఉంటారు. ఒక్క రోజులో లక్షకు పైగా డౌన్‌లోడ్లు. దొంగతనం నేర్పుతున్నాడని కొందరు బట్లర్‌ను తిట్టారు. నేను ఆయన పక్షమే. చెప్పి చెప్పి అలిసిపోయాక చూపించడం తప్ప ఇంకేం మిగులుతుంది?

నెమ్మదిస్తుందన్న సాకు అప్పటికే చెల్లకుండా పోయింది. ఆ ఏడాది జనవరిలో జీమెయిల్ అంతటా హెచ్‌టీటీపీఎస్, అంటే గుప్తమైన దారి, పెట్టింది. కొత్త యంత్రాలేమీ కొనలేదనీ, సర్వర్ల ప్రాసెసర్ పనిలో దీని వాటా ఒక శాతం లోపేననీ గూగుల్ ఇంజినీరు ఆడమ్ లాంగ్లీ లెక్క చెప్పాడు. 2011లో ట్విట్టర్, ఫేస్‌బుక్ కోరుకున్నవాళ్లకు అదే ఇచ్చాయి. 2013కి ఫేస్‌బుక్‌లో అందరికీ వచ్చింది. సర్టిఫికెట్ ఖర్చు సంగతి 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ తేల్చేసింది. మొజిల్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి మొదలుపెట్టిన ఆ సంస్థ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తుంది.

ఇప్పుడు తాళం గుర్తు దాదాపు ప్రతి సైటుకూ ఉంది. కుకీ సంగతి మాత్రం ఇంకా సైటు నడిపేవాళ్ల చేతిలోనే ఉంది. పీహెచ్‌పీలో ‘సెషన్.కుకీ_సెక్యూర్’ అమరిక మనం మార్చకపోతే ఆఫ్‌లోనే ఉంటుంది. కాలేజీకో, పత్రికకో, సంఘానికో మీరు సైటు నడుపుతుంటే ఈ పూటే ఆ అమరిక ఉన్న ఫైలు తెరిచి చూడండి. దాన్ని ఆన్ చేయండి; స్క్రిప్టులకు కుకీ చిక్కకుండా దాని పక్కనున్న ‘హెచ్‌టీటీపీఓన్లీ’ని కూడా. పాత హెచ్‌టీటీపీ చిరునామాకు వచ్చినవాళ్లను హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించండి. మీ దగ్గర లాగిన్ అయ్యేవాళ్లు ఈ పని తమంతట తాము చేసుకోలేరు.