చక్రం నేల విడవకూడదు: సస్పెన్షన్ ఫోర్కు పుట్టుపూర్వోత్తరాలు

సైకిలుకు స్ప్రింగులు బిగించాలన్న ఆలోచన దానికి గాలి టైరు రావడం కంటే పాతది. 1885లో లండన్‌లోని లిన్లీ అండ్ బిగ్స్ కంపెనీ 'విప్పెట్' అనే సైకిలు తెచ్చింది. సీటు, హ్యాండిల్, పెడళ్లు ఒక కట్టుగా ఉండి, చక్రాలు బిగించిన చట్రానికి స్ప్రింగు ఆధారంగా వేలాడేవి. గట్టి రబ్బరు టైర్లతో రాళ్లు పరిచిన వీధుల్లో తిరిగే రోజులవి. ఒళ్లు హూనం కాకుండా చూడటమే ఆ స్ప్రింగుకున్న పని. మూడేళ్లకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. దాంతో స్ప్రింగుల అవసరం చాలావరకు తీరిపోయింది. 1962లో ఇంగ్లండులో అలెక్స్ మౌల్టన్ చేసిన చిన్న చక్రాల సైకిలు వంటి కొన్నిటిని పక్కన పెడితే, సుమారు వందేళ్ల పాటు సైకిలు ఫోర్కు అంటే కొసన ముందుకు వంగిన రెండు ఉక్కు గొట్టాలే. మన ఊళ్లలో తిరిగిన అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్లకు ఉన్నవీ అవే.

కుదుపు సంగతి టైరే చూసుకుంటున్నప్పుడు 1980ల చివర సస్పెన్షన్ ఫోర్కు మళ్లీ ఎందుకు పుట్టినట్టు? తేలికైన హార్డ్‌టెయిల్‌కు, అంటే వెనక సస్పెన్షన్ లేని కొండ సైకిలుకు, ఫోర్కు కొనబోయేవారు ముందుగా తేల్చుకోవలసింది ఈ ప్రశ్నే. సామాన్యంగా కొనేవాళ్లు రెండు అంకెలు చూస్తారు: ఎన్ని గ్రాములుంది, ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే దాని ట్రావెల్ ఎంత. ఈ ఫోర్కు చరిత్ర చూస్తే ఆ రెండూ తర్వాత చూడవలసినవని నాకనిపిస్తుంది. ఇది సుఖం కోసం పుట్టిన వస్తువు కాదు. వేగంగా దిగేటప్పుడు ముందు చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడానికి పుట్టింది. గాలిలో ఉన్న చక్రం తిరగమన్న వైపు తిరగదు, బ్రేకు వేస్తే ఆగదు.

1976 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టమల్‌పయస్ కొండ దగ్గర, 'రీప్యాక్' అనే మట్టిదారి పోటీలు మొదలయ్యాయి. పాత ష్విన్ సైకిళ్లను వెనక్కి తొక్కితే పడే హబ్బు బ్రేకులతో ఆ వాలు దించేవారు. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగ వచ్చేది, మళ్లీ గ్రీజు నింపితే గాని ఇంకోసారి దిగడానికి లేదు. ఆ పేరు అలా వచ్చిందే. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీలు ఆ పోటీల చుట్టూ ఉన్నవాళ్లే. తర్వాతి పదేళ్లలో వాళ్లు బ్రేకులు మార్చారు, గేర్లు పెట్టారు, కొత్త ఫ్రేములు కట్టారు, ఫోర్కును మాత్రం కదిలించలేదు. లావు టైర్లు చాలనుకున్నారు. గాలి టైరులో ఉన్న లోపం ఏమిటంటే, అది స్ప్రింగే గాని, ఆ స్ప్రింగును అణచేది అందులో దాదాపుగా లేదు. రాయి తగిలితే నొక్కుకుంటుంది, ఆ వెంటనే దాదాపు అంతే బలంతో చక్రాన్ని పైకి ఎగరేస్తుంది.

మోటారు సైకిళ్లవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. బీఎండబ్ల్యూ 1935లోనే ఆర్12 మోడల్‌కు నూనెతో అణచే టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టింది. స్ప్రింగు ఎగిరిపడకుండా, నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ దాని ఊపును మింగేస్తుంది. ఈ పని చేసే భాగమే డ్యాంపర్. హోండా మోటోక్రాస్ బృందంలో మెకానిక్‌గా పనిచేసిన పాల్ టర్నర్ ఆ విద్యను సైకిలుకు తెచ్చాడు. మోటారు సైకిలు సస్పెన్షన్లలో చెయ్యి తిరిగిన స్టీవ్ సైమన్స్‌తో కలిసి 1989లో రాక్‌షాక్స్ మొదలుపెట్టాడు. వాళ్ల తొలి ఫోర్కు ఆర్‌ఎస్-1. లోపల స్ప్రింగుగా గాలి, అణచడానికి నూనె. దిగేది 50 మిల్లీమీటర్లకు కాస్త తక్కువే. 1990లో కొలరాడోలోని డ్యురాంగోలో జరిగిన తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డౌన్‌హిల్ పోటీని గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. అదే కాలంలో కొలరాడోలోనే డగ్ బ్రాడ్‌బరీ మ్యానిటూ ఫోర్కులు చేశాడు. వాటిలో నూనె లేదు, రబ్బరు లాంటి ఎలాస్టోమర్ ముక్కలు ఉండేవి. తేలిక, కారేదేమీ లేదు, విప్పి బిగించడం సులువు. అయినా చలికి ఆ ముక్కలు గట్టిపడేవి, వాటి ఎగిరిపాటును కావలసినట్టు సవరించడానికి వీలుండేది కాదు. చివరికి నిలిచింది గాలి, నూనెల జంటే. స్ప్రింగు ఎవరైనా పెట్టగలరు, విలువంతా దాన్ని అణచడంలో ఉంది.

ఇక బరువు సంగతి. ఆరంభంలో పోటీదారులు ఫోర్కును వద్దన్నది బరువు వల్లే, అది అన్యాయమైన అభ్యంతరమూ కాదు. దానికి జవాబుగా రాక్‌షాక్స్ 1998 మోడల్‌గా సిడ్ ఫోర్కు తెచ్చింది. బరువు సుమారు 1.2 కిలోలు, ట్రావెల్ 63 మిల్లీమీటర్లు, లోపలి గొట్టాల లావు 28 మిల్లీమీటర్లు. తూకంలో దానికి సాటి లేదు, బరువైన మనిషి ఎక్కితే మాత్రం మలుపుల్లో మెలికపడుతుందన్న పేరు పడింది. 2009 మోడల్‌కు గొట్టాలను 32 మిల్లీమీటర్లకు పెంచారు. మందం మారకపోతే గొట్టం బిగువు లావు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఏడో వంతు లోహం చేర్చితే దాదాపు సగం బిగువు అదనంగా వచ్చినట్టు. దీనికి డిస్క్ బ్రేకు ఒక కాలినే మెలిపెట్టడం, 29 అంగుళాల చక్రం కాళ్లను పొడుగు చేయడం తోడయ్యాయి. సన్నని 9 మిల్లీమీటర్ల ఇరుసు స్థానంలోకి 15 మిల్లీమీటర్లది వచ్చింది. 2020లో వచ్చిన సిడ్ ఎస్ఎల్, 100 మిల్లీమీటర్ల ట్రావెల్‌తో, కంపెనీ లెక్క ప్రకారం 1,326 గ్రాములు. ఇరవై రెండేళ్ల పనితనం తర్వాత పోటీ ఫోర్కు బరువు తగ్గలేదు, కాస్త పెరిగింది. గ్రాముల కోసం ప్రాణం పెట్టే ఈ రంగం తెలిసే ఆ బరువును ఒప్పుకుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి గ్రామూ భారమే కదా అని ఇప్పటికీ అనేవారున్నారు. లెక్క వేద్దాం. మనిషి 75 కిలోలు, సైకిలు 10 కిలోలు. ఫోర్కులో అర కిలో తగ్గితే మొత్తంలో తగ్గేది 0.6 శాతం. గంటసేపు ఎక్కే నిటారు దారిలో దాని లాభం 20 సెకన్ల చిల్లర. పందెం గెలిచేవాడికి అది పెద్ద మాటే. 2012 లండన్ ఒలింపిక్స్ కొండ సైకిలు పోటీలో, వెనకా సస్పెన్షన్ ఉన్న ఫుల్ సస్పెన్షన్ సైకిలు మీద మొదట వచ్చిన కుల్హవీకీ, హార్డ్‌టెయిల్ మీద రెండోవాడుగా వచ్చిన షుర్టర్‌కీ మధ్య తేడా ఒక్క సెకను. ఆ స్థాయి పోటీలో లేనివారు అదే 20 సెకన్లను దిగేటప్పుడు ఒక్క భయంకరమైన మలుపులో పోగొట్టుకుంటారు.

రెండో అంకె, ట్రావెల్, ఇంకా మోసకారి. 100 మంచిదైతే 140 ఇంకా మంచిది కాదా అంటారు. ఫుల్ సస్పెన్షన్ సైకిలు కుంగితే ముందూ వెనకా కుంగుతాయి. హార్డ్‌టెయిల్ అలా కాదు, ముందుకాళ్లు మడిచి కూర్చోబోయే ఎద్దులా ముందుభాగమే వంగుతుంది, వెనకభాగం ఎత్తుగానే ఉండిపోతుంది. చక్రాల నడుమ దూరం 1,100 మిల్లీమీటర్లనుకుంటే, ఫోర్కు 20 మిల్లీమీటర్లు దిగినప్పుడల్లా హెడ్ కోణం, అంటే ఫోర్కు నేలకు వాలి ఉన్న కోణం, ఒక డిగ్రీ నిటారవుతుంది. 100 మిల్లీమీటర్లూ దిగితే దాదాపు 5 డిగ్రీలు, 140 దిగితే 7. సైకిలు బాగా నిలకడగా ఉండవలసిన క్షణంలోనే నిలకడ తగ్గిపోతుందన్నమాట. డ్యాంపర్ ఊరకే దిగిపోనివ్వకుండా ఆపగలగడం హార్డ్‌టెయిల్‌కు ప్రాణం కావడానికి కారణం ఇదే. తేలికైన హార్డ్‌టెయిల్ ఫోర్కులు ఇన్నేళ్లుగా 100, 120 దగ్గరే ఆగిపోవడానికీ ఇదే కారణం, తయారీదారుల బద్ధకం కాదు. ఇక 100కు గీసిన ఫ్రేముకు పొడవాటి ఫోర్కు బిగిస్తే పెడళ్లు పైకి లేస్తాయి, సీటు వెనక్కి వాలుతుంది, ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది. ఫోర్కు దూరే హెడ్ ట్యూబు మీద లివరు బలమూ పెరుగుతుంది.

అసలు స్ప్రింగే ఎందుకు, కిలో కూడా తూగని కార్బన్ గట్టి ఫోర్కు పెట్టి, ట్యూబు లేని లావు టైర్లలో గాలి తగ్గించుకుంటే పోదా? ఇది నేను కొట్టిపారేయలేని వాదన. చదునైన మట్టిబాటల్లో, రోడ్డు ఎక్కువ ఉన్న దారుల్లో అదే సరైన ఎంపిక, సర్వీసు ఖర్చూ ఉండదు. రాళ్లూ వేళ్లూ వరసగా తగిలే దిగుడులో మాత్రం గాలి టైరు పాత లోపమే ఎదురవుతుంది. అసలు బేరం కాని బేరం మరొకటి ఉంది. మన నగరాల దుకాణాల్లో తక్కువ ధర గేర్ల సైకిళ్లకు వచ్చే, రెండున్నర కిలోల దాకా తూగే, లోపల డ్యాంపర్ పేరుకే ఉన్న ఇనప స్ప్రింగు ఫోర్కు. అది చూపుకు షాకబ్జర్, పనికి విప్పెట్ స్ప్రింగు. దానికంటే గట్టి ఫోర్కు మేలు.

కాబట్టి ఫోర్కు కొనేవారు ముందుగా ఫ్రేము కంపెనీ చెప్పిన ఇరుసు నుంచి క్రౌను (రెండు కాళ్లూ కలిసే చోటు) దాకా పొడవును, హెడ్ ట్యూబులో దూరే స్టీరర్ గొట్టం కొలతను, ఇరుసు, హబ్బు కొలతలను సరిచూసుకోండి. ఆ హద్దులో దొరికేవాటిలో డ్యాంపర్ మంచిదాన్ని ఏరుకోండి. బరువు 75 కిలోలు దాటినవారు లావు గొట్టాలదే తీసుకోండి, వంద, రెండు వందల గ్రాములు పెరిగినా సరే. డబ్బు చాలకపోతే గ్రాములు వదులుకోండి గాని డ్యాంపర్‌ను వదులుకోకండి. బిగించాక గాలి కొట్టేటప్పుడు, మీరు ఎక్కి నిలబడితే ట్రావెల్‌లో 15 నుంచి 20 శాతం దిగేలా చూడండి. చాలా ఫోర్కుల కింది కాళ్లకు 50 గంటల సవారీకి ఒకసారి నూనె మార్చాలి, అందుకు కావలసిన సీళ్లు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో డబ్బు కట్టే ముందే కనుక్కోండి.